రైల్వేకూ ఊరికీ తగాదా వస్తే తీర్చేదెవరు?

కొండవీడు (మా గ్రామీణ విలేకరి): పంచాయితీలో రెండు గదుల పెంకుటిల్లు ఉన్నవాడికి ఇంటి పన్ను తప్పడం లేదు. పట్టణంలో చిల్లర కొట్టుకూ ఆస్తిపన్ను తప్పడం లేదు. అదే పట్టణం నడిబొడ్డున ఎకరాల కొద్దీ స్థలంలో ఉన్న రైలు స్టేషనుకు, గూడ్సు షెడ్డుకు, సిబ్బంది క్వార్టర్లకు ఈ పన్ను ఎందుకు పడదు? పురపాలక సంఘం పన్ను వేసి, రైల్వే కట్టనంటే ఆ తగాదాను తీర్చే అధికారం ఏ కోర్టుకు ఉన్నది? నరసరావుపేట వెళ్ళి వచ్చే మన రైతులు, చిన్న వ్యాపారులు ఈ ప్రశ్నలు తరచుగా వేస్తున్నారు.

మా కొండవీడుకు రైలు లేదు. రైలెక్కాలంటే నరసరావుపేటో, ఫిరంగిపురమో, గుంటూరో పోవలసిందే. అయినా ఇది మనకు పట్టని విషయం కాదు. పల్నాడు జిల్లా పురపాలక పట్టణాలలో చిలకలూరిపేటకు తప్ప దాదాపు అన్నిటికీ రైలు మార్గం ఉన్నది. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండల మీదుగా ఒక మార్గం, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడిల మీదుగా ఇంకొక మార్గం, నడికుడి నుంచి గురజాల, మాచర్లకు మరొక పాయ పోతున్నవి. ఇవిగాక 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి కొత్త మార్గానికి జిల్లాలో ఎన్నో గ్రామాల పొలాలు ఇచ్చారు. పట్టాలు వేసిన ప్రతిచోటా ఒక పక్క రైల్వే రాయి, ఇంకొక పక్క పంచాయితీ రాయి ఉంటాయి. ఆ రెండు రాళ్ళ మధ్యనే తగాదా పుడుతున్నది.

దేశం మొత్తం మీద రైల్వేల చేతిలో సుమారు 4.9 లక్షల హెక్టార్ల భూమి ఉన్నది. అంటే దాదాపు 12 లక్షల ఎకరాలు. ఇంత ఆస్తి ఉన్న సంస్థకూ, వీధిదీపాల కరెంటు బిల్లు కట్టడానికే తడుముకునే స్థానిక సంస్థలకూ తగాదా రావడంలో వింత ఏమీ లేదు. ఆ తగాదా ఎవరి ముందు పెట్టాలో తెలియక ఏళ్ళు గడిచిపోవడమే అసలు ఇబ్బంది.

రాజ్యాంగం చెప్పే మాట

రైల్వే ఆస్తి కేంద్ర ప్రభుత్వ ఆస్తి. కేంద్ర ఆస్తి మీద రాష్ట్రం గాని, రాష్ట్రంలోని ఏ అధికార సంస్థ గాని పన్ను వేయకూడదని రాజ్యాంగం 285వ అధికరణం చెబుతున్నది. పార్లమెంటు చట్టం చేసి మినహాయింపు ఇస్తే తప్ప ఈ నిషేధం తొలగదు. ఏ అధికార సంస్థ అన్నప్పుడు నగరపాలక సంస్థ దగ్గర నుంచి గ్రామ పంచాయితీ దాకా అన్నీ అందులోకి వస్తాయి.

దీనికి ఒక చిన్న కిటికీ కూడా అదే అధికరణంలో ఉంచారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలుకు రావడానికి ముందు ఏదైనా కేంద్ర ఆస్తి మీద ఒక పన్ను పడుతూ ఉంటే, ఆ రాష్ట్రంలో ఆ పన్ను కొనసాగుతున్నంత కాలం పాత ఆస్తి మీద వసూలు చేసుకోవచ్చు. తెల్లదొరల కాలంలో రైళ్ళు నడిపినవి చాలావరకు కంపెనీలే. మన ప్రాంతపు పాత మీటరు గేజి లైను కూడా కంపెనీ చేతిలోనే ఉండేది. 1890 నాటి రైల్వే చట్టం 135వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ప్రకటన జారీ చేస్తే కంపెనీలు పురపాలక సంఘాలకు పన్ను కట్టేవి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పురపాలక సంఘాలు ఆ పాత సెక్షన్‌నే పట్టుకుని, ‘అప్పుడు కట్టారు గదా, ఇప్పుడూ కట్టండి’ అంటూ వచ్చాయి.

ఇటువంటి తగాదాలలో పెద్దది మనకు పరాయిది కాని బళ్ళారిలో వచ్చింది. 1953 దాకా బళ్ళారి కూడా మనలాగే మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చి, బళ్ళారి పట్టణం మైసూరుకు పోయింది. అక్కడి పురపాలక సంఘం రైల్వే ఆస్తులపై పన్ను కోరగా, కేంద్ర ప్రభుత్వం కట్టనన్నది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1978లో సుప్రీంకోర్టు కేంద్రం పక్షాన తీర్పు చెప్పింది. 1890 నాటి చట్టం రాజ్యాంగానికి ముందుది. ‘పార్లమెంటు చేసిన చట్టం’ అంటే రాజ్యాంగం కింద ఏర్పడిన పార్లమెంటు చేసినదే తప్ప పాత చట్టం కాదు. కనుక 135వ సెక్షన్ చూపి కేంద్ర ఆస్తి మీద పన్ను వేయడం కుదరదని కోర్టు తేల్చింది.

తర్వాత మహారాష్ట్రలోని పూర్ణా పురపాలక సంఘం కేసు వచ్చింది. పూర్ణా ఒకప్పుడు నిజాం రాజ్యంలోని ఊరు. సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలోని జంక్షను. పన్ను అంటే పడదని గ్రహించిన పురపాలక సంఘం ‘సేవా చార్జీలు’ అని పేరు పెట్టి సొమ్ము అడిగింది. 1990ల మొదట్లో సుప్రీంకోర్టు ఈ కేసులో కూడా రైల్వే పక్షానే తీర్పు చెప్పింది. పేరు మార్చినంత మాత్రాన 285వ అధికరణం నుంచి తప్పించుకోలేరన్నది దాని సారాంశం.

రాజ్‌కోట్ రాజీ

అయితే పట్టణాల వాదనలో న్యాయం లేదని ఎవరూ అనలేరు. స్టేషను ముందు రోడ్డు ఊడ్చేది పురపాలక సంఘం. క్వార్టర్ల మురుగు పోయేది పురపాలక సంఘం కాలువలోకి. అక్కడి చెత్త ఎత్తేదీ, రాత్రి దీపం పెట్టేదీ అదే. ఖర్చు ఊరిది, వాడుక రైల్వేది అన్నమాట. ఈ వాదన కేంద్రానికి కూడా తెలియనిది కాదు. పన్ను కట్టకపోయినా సేవలకు ప్రతిఫలం ఇవ్వాలని కేంద్ర ఆర్థిక శాఖ 1954లోనూ, మళ్ళీ 1967లోనూ లేఖలు రాసింది. లేఖలు ఉన్నా సొమ్ము రాక, గుజరాత్‌లోని రాజ్‌కోట్ నగరపాలక సంస్థ మొదలైనవి సుప్రీంకోర్టు దాకా పోరాడవలసి వచ్చింది.

2009 నవంబరు 19న ఆ కేసులో ఒక రాజీ సూత్రం కుదిరి, దానిని కోర్టు ఉత్తర్వుగా ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వమూ దాని శాఖలూ ఆస్తిపన్ను కట్టవు. కాని సేవా చార్జీలు కడతాయి. నగరపాలక సంస్థ సేవలన్నీ వాడుకుంటే, అటువంటి ప్రైవేటు ఆస్తికి పడే పన్నులో 75 శాతం కట్టాలి. కొన్ని సేవలే వాడుకుంటే 50 శాతం. ఏ సేవా వాడుకోకపోయినా మూడో వంతు. ఈ లెక్కన ఒక ప్రైవేటు భవనానికి లక్ష రూపాయల పన్ను పడేచోట, అదే మాదిరి కేంద్ర భవనానికి 75 వేలో, 50 వేలో, 33 వేల పైచిలుకో వస్తుంది. ఆ ఏడాది డిసెంబరులోనే కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఇదే రీతిలో సర్క్యులర్ జారీ చేసింది.

ఏ సేవా చేయకపోయినా మూడో వంతు ఇవ్వడం ఏమిటని కొందరికి అనుమానం రావచ్చు. స్టేషనుకు వచ్చే రిక్షా, ఆటో, లారీ అన్నీ ఊరి రోడ్ల మీదుగానే రావాలి గదా! ఆ లెక్క చూస్తే ఇది దానమేమీ కాదని ఈ విలేకరి అభిప్రాయం.

మన పురపాలక సంఘాలు గమనించవలసినదేమంటే, ఈ సొమ్ము దానంతట అది రాదు. శాఖతో ఒప్పందం చేసుకోవాలి. ఏ భవనం విస్తీర్ణం ఎంత, ఏ సేవలు అందుతున్నాయి, ప్రైవేటు అయితే పన్ను ఎంత పడేది అని లెక్క కట్టి బిల్లు పంపాలి. కొలతలే లేకుండా మొత్తం మీద ఇంత బాకీ అని నోటీసు పంపితే, అవతలివారు మళ్ళీ 285వ అధికరణం చూపి ఊరుకుంటారు.

ఏ కోర్టు గుమ్మం?

ఇక అసలు ప్రశ్న. కేంద్రానికీ రాష్ట్రానికీ తగాదా వస్తే 131వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకే పోవాలి, కింది కోర్టులకు అధికారం ఉండదు. రైల్వే అంటే కేంద్రమే కదా, పురపాలక సంఘం రాష్ట్రం కింది సంస్థే కదా, కాబట్టి ఇది కూడా ఢిల్లీ సంగతే అని చదువుకున్నవారు కూడా పొరబడుతున్నారు. అది సరికాదు. 131వ అధికరణం ప్రభుత్వాలకు మాత్రమే వర్తిస్తుంది. పురపాలక సంఘం, పంచాయితీ రాష్ట్ర చట్టం వల్ల పుట్టినవే అయినా అవి ‘రాష్ట్రం’ కావు. వాటికి వేరే ఉనికి, వేరే నిధి ఉన్నాయి.

ఈ హద్దును సుప్రీంకోర్టు ఎంత గట్టిగా పాటిస్తుందో బీహారు కేసు చెబుతున్నది. గండక్ ప్రాజెక్టుకు రావలసిన ఇనుప సామాను తక్కువగా చేరిందని బీహారు ప్రభుత్వం రైల్వేల యజమాని అయిన కేంద్రం మీద, దానితోపాటు హిందూస్థాన్ స్టీల్ కంపెనీ మీద నేరుగా సుప్రీంకోర్టులో దావాలు వేసింది. ప్రభుత్వం కాని కంపెనీని కూడా కక్షిదారుగా చేర్చారు గనుక ఇది 131వ అధికరణం కిందికి రాదని, మామూలు కోర్టుకు పొమ్మని 1969లో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్షాత్తు ఒక రాష్ట్ర ప్రభుత్వానికే ఆ సమాధానం వచ్చినప్పుడు పురపాలక సంఘం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కనుక రైల్వేకూ ఊరికీ వచ్చే తగాదా మొదట రాష్ట్రంలోనే తేలాలి. పన్ను వేసే అధికారం ఉన్నదా లేదా, నోటీసు చట్టప్రకారం ఉన్నదా, రాజీ సూత్రం ప్రకారం సేవా చార్జీలు ఎందుకు కట్టరు అన్నవి చట్టానికి సంబంధించిన ప్రశ్నలు. వీటి మీద 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. రైల్వే కూడా పురపాలక సంఘం నోటీసు మీద అదే గుమ్మం ఎక్కవచ్చు.

ఏ రాష్ట్రపు హైకోర్టు అనేది ఇంకొక చిక్కు. దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ కార్యాలయం సికింద్రాబాదులో, అంటే తెలంగాణలో ఉన్నది. రైల్వే బోర్డు ఢిల్లీలో ఉన్నది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ను 2019లో ప్రకటించారు. 2003 నుంచి ఉన్న మన గుంటూరు డివిజన్ అందులోకి చేరేదే. పెద్ద అధికారి ఏ ఊళ్ళో కూర్చున్నా, పల్నాడులోని స్టేషను గురించిన తగాదా మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వినవచ్చునా? ఇప్పుడైతే నిస్సందేహంగా వినవచ్చు. కాని ఒకప్పుడు వినడానికి వీలుండేది కాదు. అది మార్చడానికి కారణమైన కేసులలో ఒకటి మన తెలుగువాడిదే.

1952లో శాకా వెంకటసుబ్బారావు కాకినాడ రిజర్వుడు స్థానం నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. అంతకు ముందు 1942లో పడిన జైలు శిక్షను బట్టి ఆయనకు శాసనసభ్యుడుగా ఉండే అర్హత లేదన్న ఆక్షేపణ ఎన్నికల కమిషన్ విచారణకు పోయింది. ఆ విచారణ ఆపమని ఆయన మద్రాసు హైకోర్టుకు పోగా, హైకోర్టు ఆయన మాట విన్నది. 1953లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఎన్నికల కమిషన్ కార్యాలయం ఢిల్లీలో ఉన్నది, మద్రాసు హైకోర్టు రిట్ తన ఎల్లలు దాటి ఢిల్లీలోని కార్యాలయం మీద పనిచేయదు అన్నది కోర్టు చెప్పిన కారణం. అంటే తగాదా ఎక్కడ పుట్టిందన్నది కాదు, అధికారి ఎక్కడ కూర్చున్నాడన్నదే లెక్క. ఢిల్లీ నుంచి వచ్చిన ప్రతి ఉత్తర్వు మీదా దేశంలో ఏ మూల ఉన్నవాడైనా అప్పటి పంజాబు హైకోర్టుకే పోవలసి వచ్చేది.

ఈ అన్యాయాన్ని పదేళ్ళకు, 1963లో రాజ్యాంగం 15వ సవరణ ద్వారా సరిదిద్దారు. తగాదాకు కారణం పూర్తిగా గాని, కొంతవరకు గాని ఏ హైకోర్టు పరిధిలో పుట్టిందో ఆ హైకోర్టు, అధికారి కార్యాలయం వేరేచోట ఉన్నా సరే, రిట్ ఇవ్వవచ్చు. మన స్టేషను, మన కాలువ, మన పురపాలక సంఘం ఇక్కడే ఉన్నాయి గనుక సికింద్రాబాదు, ఢిల్లీల ఊసు అక్కరలేదు.

హైకోర్టు కూడా మనకు మళ్ళీ దగ్గరకు వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 జులైలో హైకోర్టు గుంటూరులోనే మొదలైంది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించగానే హైదరాబాదుకు తరలిపోయింది. 2019 జనవరి 1 నుంచి అమరావతి హైకోర్టు వచ్చింది. నేలపాడులోని ఆ భవనానికి మన ఊళ్ళ నుంచి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఒకప్పుడు హైకోర్టు వాయిదా అంటే రాత్రంతా బండిలో కూర్చుని హైదరాబాదు పోవడమే గదా.

స్థలం ఎవరిదన్న తగాదా వేరు

హైకోర్టు దగ్గరకు వచ్చింది గదా అని అన్ని తగాదాలూ అక్కడికే తీసుకుపోతే లాభం లేదు. పన్ను తగాదా ఒకటి, స్థలం తగాదా ఇంకొకటి. ఈ గోడ రైల్వే హద్దులో ఉన్నదా, పంచాయితీ పోరంబోకులో ఉన్నదా అన్నది చట్టం చదివి చెప్పేది కాదు. సర్వే కొలతలు, ఎఫ్.ఎమ్.బి. నకలు, పాత భూసేకరణ కాగితాలు, సాక్షులు కావాలి. ఇటువంటి వాస్తవాల తగాదాను హైకోర్టు రిట్‌లో మామూలుగా విచారించదు, సివిల్ కోర్టుకు పొమ్మంటుంది. అంటే మన ప్రాంతపువారు చిలకలూరిపేటో నరసరావుపేటో పోవలసిందే. తెలియక ముందు హైకోర్టుకు పోయి, రెండు మూడేళ్ళ తర్వాత ‘సివిల్ కోర్టుకు పొమ్మన్నారు’ అని తిరిగి వచ్చే పంచాయితీకి ఖర్చు రెండింతలు అవుతుంది. ఆ ఖర్చు ఇంటి పన్ను కట్టినవారిదే.

దావా వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది, జనరల్ మేనేజర్ మీదనో స్టేషను మాస్టరు మీదనో దావా వేస్తే నిలవదు. రైల్వేకు యజమాని ‘యూనియన్ ఆఫ్ ఇండియా’, ఆ పేరు మీదే వేయాలి. కేరళ ప్రభుత్వమంతటిది సరుకు నష్టం గురించి దక్షిణ రైల్వే జనరల్ మేనేజర్ మీద దావా వేసి, యూనియన్‌ను చేర్చనందుకు 1976లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. రెండవది, సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. రైల్వే సంగతి అయితే ఆ నోటీసు జనరల్ మేనేజర్‌కు చేరాలి. అంటే నోటీసు ఒకరికి, దావా ఇంకొకరి పేర. ఇది వింతగా ఉన్నా పద్ధతి ఇదే.

చాలాకాలంగా మా స్వాధీనంలో ఉన్నది, కాబట్టి మాదే అన్న వాదన కూడా జాగ్రత్తగా చేయాలి. ప్రైవేటు మనిషి మీద 12 ఏళ్ళు సరిపోయేచోట, ప్రభుత్వం మీద 30 ఏళ్ళు కావాలని లిమిటేషన్ చట్టం చెబుతున్నది. పైగా అది దొంగచాటు స్వాధీనం కాకూడదు, రైల్వే అనుమతితో ఉన్న స్వాధీనమూ పనికిరాదు.

రైల్వే స్థలంలో ఇళ్ళు కట్టుకున్న పేదల సంగతి ఇంకా కష్టం. వారిని తొలగించడానికి రైల్వే సివిల్ కోర్టుకు పోనక్కరలేదు. 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం కింద ఎస్టేట్ ఆఫీసరే నోటీసు ఇచ్చి, వాదన విని ఉత్తర్వు ఇస్తాడు. దాని మీద జిల్లా జడ్జి దగ్గర అప్పీలు చేసుకోవడానికి గడువు 12 రోజులు మాత్రమే. ఊరి పెద్దల చుట్టూ, పార్టీ ఆఫీసుల చుట్టూ తిరుగుతుండగానే ఈ 12 రోజులు గడిచిపోవడం పరిపాటి. నోటీసు అందిన రోజునే ప్లీడరును కలవాలని ఈ పత్రిక చదివే ప్రతివారూ ట్రాకు పక్కన ఉన్న తమ బంధువులకు చెప్పడం మంచిది.

పట్టణంలో వేల ఇళ్ళు ఇలా ఉంటే ఏమవుతుందో ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీలో చూశాం. స్టేషను పక్కన సుమారు 29 ఎకరాలు తమవని రైల్వే అన్నది. అక్కడ నాలుగు వేలకు పైగా కుటుంబాలు ఉన్నాయి. వారిలో కొందరు ప్రభుత్వ లీజు కాగితాలు, పురపాలక పన్ను రసీదులు చూపారు. బడులు, ఆసుపత్రి కూడా ఆ స్థలంలోనే ఉన్నాయి. ఇళ్ళు తొలగించమని 2022 డిసెంబరు 20న అక్కడి హైకోర్టు ఆదేశించగా, 2023 జనవరి 5న సుప్రీంకోర్టు నిలుపుదల చేసింది. రాత్రికి రాత్రి అంతమందిని వెళ్ళగొట్టడం కుదరదని, వారికి బస చూపే మార్గం ఆలోచించాలని అన్నది. 2024 జులైలో పునరావాస పథకం తయారు చేయమని కూడా చెప్పింది.

ఇందులో మనవాళ్ళు నేర్చుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. పురపాలక సంఘానికో, పంచాయితీకో ఇంటి పన్ను కట్టిన రసీదు స్థలం హక్కుకు పట్టా కాదు. ఇల్లు ఉన్నది గనుక పన్ను వేశారు, స్థలం ఎవరిదని వాళ్ళు విచారించలేదు. ‘ఇరవై ఏళ్ళుగా పన్ను కడుతున్నాం’ అన్న మాట జాలి పుట్టిస్తుంది తప్ప దావా గెలిపించదు.

ప్రభుత్వం మీద ప్రభుత్వమే

కేంద్ర సంస్థలు, శాఖలు తమలో తాము కోర్టులకెక్కి ప్రజల సొమ్ము పాడు చేయడం సుప్రీంకోర్టుకు కూడా విసుగు తెప్పించింది. 1990ల మొదట్లో ఓ.ఎన్.జి.సి. కేసులో, అటువంటి తగాదాలు ముందు ఒక ఉన్నతాధికార కమిటీ ముందు పెట్టి, దాని అనుమతి వచ్చాకే కోర్టుకు రావాలని ఆదేశించింది. కాని కమిటీ దగ్గరే కేసులు పేరుకుపోయాయి. చివరకు హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ కేసులో 2011 ఫిబ్రవరిలో ఆ పద్ధతిని సుప్రీంకోర్టే ఉపసంహరించుకున్నది. ఇంకొకరి అనుమతి కోసం ఎదురుచూడకుండా నేరుగా కోర్టుకు పోవచ్చు. అది మంచికో చెడుకో చెప్పడం కష్టం.

అమెరికాలో ఈ సమస్య తలకిందులుగా ఉన్నది. అక్కడ సరుకు రైలు మార్గాలు ప్రైవేటు కంపెనీలవి, వాటి మీద ఊళ్ళు, కౌంటీలు ఆస్తిపన్ను వేస్తాయి. వేసే పన్ను ఇతర వ్యాపారాల మీద కన్నా ఎక్కువగా ఉంటున్నదని రైలు కంపెనీలు మొరపెట్టుకోగా, 1976లో ఒక చట్టం చేసి, అటువంటి పక్షపాతపు పన్ను మీద కంపెనీలు నేరుగా ఫెడరల్ కోర్టుకు పోవచ్చునన్నారు. అక్కడ రైల్వే ఊరి మీద మొరపెట్టుకుంటే, ఇక్కడ ఊరు రైల్వే మీద మొరపెట్టుకుంటున్నది.

పంచాయితీలకు ఉన్న దారి

రాజ్‌కోట్ రాజీ నగరపాలక సంస్థల కేసులో వచ్చింది. గ్రామ పంచాయితీకి అంతకన్నా తిన్నని దారి ఒకటి చట్టంలోనే ఉన్నది, దానిని వాడుకునేవారు తక్కువ. 1989 నాటి రైల్వే చట్టం 184వ సెక్షన్ కేంద్రం ప్రకటన జారీ చేస్తే తప్ప స్థానిక సంస్థకు రైల్వే పన్ను కట్టనక్కరలేదని చెబుతూనే, నీళ్ళ సరఫరాకు, దీపాలకు, పారిశుద్ధ్యానికి, స్థానిక సంస్థ చేసే మరే పనికైనా రైల్వే ఒప్పందం చేసుకోవడానికి అడ్డు లేదని కూడా స్పష్టం చేసింది. ఒప్పందం మీద వచ్చే సొమ్ము పన్ను కాదు. దానికి 285వ అధికరణం అడ్డం రాదు, రైల్వే కట్టకపోతే మామూలు బాకీ దావా వేసుకోవచ్చు.

స్టేషను గల ప్రతి పంచాయితీ దీనిని ఒకసారి ఆలోచించాలి. క్వార్టర్లకు పంచాయితీ కుళాయి నీరు పోతున్నదా? స్టేషను రోడ్డు దీపాల బిల్లు ఎవరు కడుతున్నారు? చెత్త ఎవరు ఎత్తుతున్నారు? ఇవి నోటిమాట మీద జరిగిపోతూ ఉంటే, ఎన్నేళ్ళు జరిగినా అడగడానికి ఆధారం ఉండదు. పాలకవర్గం తీర్మానం చేసి, నెలకు ఇంత ఖర్చవుతున్నదని లెక్క జతపరచి, గుంటూరు డివిజనల్ రైల్వే మేనేజర్‌కు ఒప్పందం కోరుతూ రాయడానికి ప్లీడరు కూడా అక్కరలేదు.

నడికుడి–శ్రీకాళహస్తి మార్గం పోయే గ్రామాలకు ఇంకొక సంగతి అత్యవసరం. కట్ట వేసినప్పుడు వాగు నీరు ఎప్పటిలాగే పోయేందుకు తూములు, కాలువలు, పొలాలకు పోయేందుకు దారులు, అడుగు వంతెనలు రైల్వే తన ఖర్చు మీదే కట్టివ్వాలని అదే చట్టం 16వ సెక్షన్ చెబుతున్నది. అయితే ఆ మార్గంలో ప్రజల కోసం బండి మొదలైన తేదీ నుంచి పదేళ్ళు దాటితే అదనపు పనులు చేసే బాధ్యత రైల్వేకు ఉండదు. ఆ తర్వాత కావాలంటే 17వ సెక్షన్ కింద రైతో, పంచాయితీయో, రాష్ట్ర ప్రభుత్వమో తమ సొమ్ముతో కట్టించుకోవలసి వస్తుంది. ఏ తూము చాలడం లేదో, ఏ పొలానికి దారి తెగిపోయిందో వానాకాలంలోనే తెలుస్తుంది. దానిని సర్వే నెంబర్లతో సహా రాతపూర్వకంగా పంపి, రసీదు తీసుకుని, ఆ రసీదును పంచాయితీ కార్యాలయంలో భద్రపరచాలి. మార్గంలో ఒక్కొక్క భాగం ఒక్కొక్క తేదీన మొదలవుతున్నది గనుక గడువు కూడా ఒక్కొక్క ఊరికి ఒక్కొక్కటిగా ఉంటుంది. మీ ఊరి మీదుగా మొదటి ప్రయాణికుల బండి ఏ తేదీన పోయిందో తీర్మానాల పుస్తకంలో రాసి పెట్టుకోవాలి.